ఏ చెట్టు బెరడు?

తమ్ముడూ,

కథ చదివాను. మొదటి పేజీలోనే తాత చేతులు చెట్టు బెరడులా గరుకుగా ఉన్నాయని రాశావు, నేను అక్కడే ఆగిపోయాను. ఏ చెట్టు? జామ మాను మీద చెయ్యి పెట్టి చూడు, నున్నగా ఉంటుంది, పల్చటి పొరలు వాటంతటవే ఊడిపోతుంటాయి. తెల్లమద్దికి బూడిదరంగు పెచ్చులు పెద్దపెద్దవి రాలతాయి. శేషాచలం కొండల్లో ఎర్రచందనం అయితే అచ్చం మొసలి వీపే, నల్లగా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. నువ్వు చిన్నప్పుడు మోకాళ్లు గీసుకుపోయేలా ఎక్కింది ఏ వేపచెట్టో అయితే ఆ పేరు రాసేయ్, గరుకు సంగతి చదివేవాడికి తెలుసు.

సరే, అది చిన్న విషయం. మూలికలమ్మే ఆవిడ చేత 'అర్జున వృక్షపు బెరడు' అనిపించావు చూడు, అది మాత్రం మార్చాల్సిందే. టీవీ యాడ్‌లో తప్ప ఎవరూ అలా అనరు, ఆవిడ మద్దిచెక్క అంటుంది. అదే మద్దిచెక్క అన్న మాట వడ్రంగి నోట్లోంచి వస్తే కలప. దాల్చినచెక్క బెరడే, కొబ్బరిచెక్క బెరడూ కాదు కలపా కాదు, ఇక పండగ ముందు మా ఇంట్లో 'చెక్కలు చేస్తున్నాం' అంటే ఇవేవీ కావు. గోగు దగ్గరికొచ్చేసరికి చెక్క అన్నమాటే మాయమవుతుంది: కోసిన గోగును కట్టలు కట్టి చెరువులో నానేసి, బాగా కుళ్లాక ఒలిస్తే వచ్చేది నార. శ్రీకాకుళం, విజయనగరం వైపు రైతులు ఆ కంపులో, ఆ నీళ్లలోనే నిలబడి ఒలుస్తారు. పాత్ర నోట్లో మాట పెట్టేముందు వాడు ఏ పని చేసుకు బతుకుతున్నాడో చూసుకోవాలి.

పగతో చెట్టు చుట్టూ బెరడు ఒలిచేస్తే మర్నాటికల్లా ఎండిపోయిందన్నావు. అలా జరగదు. ఆకుల్లో తయారైన తిండి బెరడు లోపలి పొరలోంచే వేళ్లకు దిగుతుంది, నీళ్లు మాత్రం కలపలోంచి పైకెక్కుతాయి. అందుకే పైన చాలాకాలం పచ్చగానే ఉంటుంది, కింద వేళ్లు పస్తులుంటాయి. నీ కథకు ఇదే ఎక్కువ పనికొస్తుంది కదా! ఒలిచినవాడు రోజూ ఆ దారినే పోతూ, ఇదింకా చావదేంట్రా అని టెన్షన్ పడుతుంటాడు.

ఇప్పుడు నాకు అసలు వెలితిగా అనిపించింది చెప్తాను. బతుకమ్మ సీను బాగుంది, తంగేడు పూలు కళ్లకు కట్టాయి. కానీ అందరూ రాసేది ఆ పువ్వే, రాష్ట్ర పుష్పం అయ్యాక మరీను. ఆ పొద చెక్క గురించి, అంటే బెరడు గురించి, రాసేవాళ్లు తక్కువ. పచ్చితోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, తంగేడు చెక్క దంచి కలిపిన లందలో, అంటే తోళ్లు నానేసే తొట్టిలో, రోజుల తరబడి ఊరేస్తే, చెక్కలోని వగరు తోలుకు పట్టి అది కుళ్లిపోకుండా నిలుస్తుంది. తుమ్మచెక్క కూడా వాడేవాళ్లు. ఊళ్లో చెప్పులకూ ఆ తోలే, ఎద్దులతో బావినీళ్లు తోడే మోటబొక్కెనకు వేలాడే తొండానికీ ఆ తోలే. ఆ లంద కంపు ఊరికి తగలకూడదంటూ ఆ పని చేసేవాళ్లను ఊరి చివర ఉంచారు, వాళ్లు ఊరేసిన తోలులోంచి పారిన నీళ్లతో మాత్రం ఊరంతా పంట పండించుకుంది. మీ తాత మోట కొట్టాడని రాశావు, ఎద్దుల పేర్లు కూడా రాశావు, తొండం ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయలేదు.

దసరాకు ఊరెళ్తున్నావు కదా, తాతనే అడుగు, తొండం చిరిగితే ఎవరింటికి తీసుకెళ్లేవాళ్లని. బహుశా మనిషి పేరు గుర్తురాక కులం పేరు చెప్తాడు. ఎద్దుల పేర్లు గుర్తున్నాయి కదా తాతా, అని కూడా అడుగు. ఏమన్నాడో, ఎంతసేపు ఏమీ అనలేదో రాసుకొచ్చి నాకు పంపు.

మీ అన్న