బొంత మూలలు కలవనప్పుడు కత్తెర చివరి మాట

కుట్టుపని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మవి, మా అత్తమ్మవి పాత నూలు చీరలు ముక్కలుగా కోసి ఒక బొంత కుట్టాను. పైన చీరల ముక్కలు, లోపల రెండు పొరలుగా పాత ధోవతులు, అడుగున కొత్త నూలు గుడ్డ వేశాను. వెడల్పు 60 అంగుళాలు, పొడవు 90 అంగుళాలు రావాలని లెక్క వేసుకున్నాను. మిషను మీద కుట్లన్నీ పూర్తయ్యాక, అంచుకు పట్టీ వేద్దామని గచ్చు మీద పరిచి చూస్తే బొంత ఒక పక్కకు వాలినట్టు ఉంది. మూల నుంచి మూలకు టేపు పెడితే ఒకవైపు 107 అంగుళాలు, రెండోవైపు 109న్నర వచ్చింది. "ఎక్కువున్న మూలలు కోసెయ్యండి, పట్టీ వేస్తే ఏం కనబడదు" అని మా వీధి టైలరు అంటున్నాడు. కోయవచ్చా?
(ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: కోయవలసి వస్తుంది కానీ, ఇప్పుడే కాదు. మీరు మూలల కొలతలు రాసి పంపడం మంచిదయింది, ఎందుకంటే బొంతకు ఏమయిందో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి. 60కి 90 ఉన్న బొంత మూలలు సరిగ్గా కలిస్తే, మూల నుంచి మూలకు రెండు వైపులా 108 అంగుళాలకు కాస్త పైన సమానంగా రావాలి. మీకు ఒకటి తగ్గింది, ఒకటి పెరిగింది. అంటే గుడ్డ ఎక్కడా ఎక్కువ కాలేదు, బొంత మొత్తం ఒక పక్కకు ఒరిగింది. లెక్క కట్టి చూస్తే, చిన్న అంచు ఒక చివరకూ రెండో చివరకూ మధ్య సుమారు అంగుళంన్నర జరిగింది. ఇప్పుడు టైలరు చెప్పినట్టు కోస్తే, తలవైపూ కాళ్లవైపూ ఒక కొసన అంగుళంన్నరతో మొదలై రెండో కొసన సున్నాకు వచ్చే ముక్క ఊడిపోతుంది. మీ చివరి వరుసలోని చీర ముక్కలు అయిదంగుళాలవి అనుకుంటే, ఒక మూలన అయిదు, ఇంకో మూలన మూడున్నర మిగులుతాయి. పట్టీ ఆ తేడాను దాచదు సరికదా, తిన్నగా ఉన్న పట్టీ పక్కన అది మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఒరిగిన గుడ్డను ముందు లాగి నిలబెట్టాలి. మీ బొంత లోపల ఉన్నవి ధోవతులు కనుక తడపడానికి భయం లేదు. అయితే ముందుగా ఎర్ర, నల్ల చీరల ముక్కల మీద తడిపిన తెల్ల గుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూసుకోండి. దిగకపోతే నేల మీద ఒక మందపాటి దర్రీ పరిచి, దాని మీద బొంత వేసి, అంతటా చెమ్మ పట్టేదాకా నీళ్లు చిలకరించండి. ఇంట్లో మన వరంగల్ కొత్తవాడ దర్రీ ఉంటే అంతకంటే మంచి పీట దొరకదు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది వాటి నేతకూ రంగులకూ కావచ్చు గానీ, ఈ పనికి మాత్రం నాకు నచ్చేది వాటిలో గుండుసూది గట్టిగా దిగబడి నిలబడటం. పైగా అడ్డంగా తిన్నని చారలున్న దర్రీ అయితే, బొంత అంచు వంకరపోతున్నదో లేదో ఆ చారే చూపిస్తుంది.

తరువాత ఇద్దరు మనుషులు కావాలి. తక్కువ కొలత వచ్చిన మూలలను, అంటే మీకు 107 వచ్చిన రెండు మూలలను, ఇద్దరూ చెరొకటి పట్టుకుని గుంజకుండా, ఒక్క కుదుపు కూడా ఇవ్వకుండా, నిదానంగా లాగాలి. పాత చీర నేత వదులై ఉంటుంది కనుక గుంజితే కుట్టు దగ్గరే చిరుగుతుంది. ఆ కొలత పెరిగిన కొద్దీ రెండోది దానంతట అదే తగ్గుతుంది. రెండూ 108 దాటి ఒకచోట కలిసినప్పుడు ముందు నాలుగు మూలల్లో, తరువాత అంచు పొడవునా జానెడుకొకటి చొప్పున గుండుసూదులు గుచ్చి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి. పైపైన ఆరిందని తీస్తే లోపలి ధోవతి తడిగానే ఉండి బొంత మళ్లీ పాత దారే పడుతుంది. ఆరిన తరువాత కూడా అర అంగుళం తేడా మిగిలితే దానిని వదిలేయండి, కప్పుకుని పడుకునేవారు టేపు పట్టుకుని పడుకోరు.

గీత గీయడం ఆ తరువాతి పని. ఇక్కడే చాలామంది పొరబడతారు, నేనూ పొరబడ్డాను. నా మొదటి బొంతకు అంచును నమ్ముకుని ఒకవైపు కోశాను, దానికి సరిపోలేదని రెండోవైపు కోశాను, కోతి రొట్టె పంచినట్టు అటూ ఇటూ కోసుకుంటూ పోయి చివరకు నాలుగు అంగుళాల బొంత పోగొట్టుకున్నాను. కుట్టేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ సాగేది అంచే కనుక అంచు కొలతకు పనికిరాదు. బొంత నడుమ నిలువుగా వెళ్లే అతుకు ఒకటి ఎంచుకుని, దాని నుంచి రెండు వైపులా సమాన దూరాలు కొలిచి నిలువు గీతలు గీయండి. మూలల కోసం సుతారి మేస్త్రీలు పునాది తీసేటప్పుడు గునియా చూసే, అంటే మూల తిన్నగా ఉందో లేదో చూసే లెక్కే చాలు: నిలువు గీతా అడ్డ గీతా కలిసే మూల నుంచి కొలిచి, నిలువు గీత మీద 48 అంగుళాల దగ్గర ఒక చుక్క, అడ్డ గీత మీద 36 అంగుళాల దగ్గర ఒక చుక్క పెడితే, ఆ రెండు చుక్కల మధ్య సరిగ్గా 60 రావాలి. రాకపోతే అడ్డ గీతను చెరిపి మళ్లీ గీయండి, సుద్ద గీతే కదా.

ఇక కోత. చీర ముక్కల కొనలు పట్టీ కిందకు పోకుండా, వాటికి బయట కనీసం పావు అంగుళం గుడ్డ ఉండేటట్టు గీతను చూసుకోండి. గీతకు లోపల మూడు మిల్లీమీటర్ల దూరంలో అన్ని పొరలనూ కలుపుతూ చుట్టూ ఒక కుట్టు వేసి, అప్పుడు గీత మీద కత్తెర పెట్టండి. ఈ కుట్టు వేయకుండా కోస్తే పై గుడ్డ ఒక దారి, ధోవతులు ఒక దారి, అడుగు గుడ్డ ఒక దారి పోతాయి.

ఇంకొక బొంత కుట్టేటప్పుడు మాత్రం కుట్లను ఒక అంచున మొదలుపెట్టి రెండో అంచు దాకా తోసుకుంటూ పోకండి. మిషను పళ్లు అడుగు గుడ్డను లాగుతాయి, పాదం పై గుడ్డను వెనక్కి నెడుతుంది. ఆ చిన్న తేడా వరుస వరుసకూ పోగై ఇలా ఒరుగుతుంది. ముందు పొరలన్నింటినీ దగ్గర దగ్గరగా కచ్చా కుట్టుతో కలిపి, నడుమ నుంచి మొదలుపెట్టి బయటికి రండి.

ప్రశ్న: మూలలన్నీ కలిశాయి కానీ, పట్టీ వేశాక అంచు అప్పడంలా అలలు తేలింది. పట్టీకి క్రాస్ గుడ్డ (ఏటవాలుగా కోసిన గుడ్డ) వాడాలా?
(ఒక పాఠకురాలు, జమ్మికుంట)

జవాబు: మూలలు గుండ్రంగా తీసినప్పుడే క్రాస్ పట్టీ కావాలి, తిన్నని అంచుకు నిలువు పట్టీ చాలు. రెండున్నర అంగుళాల వెడల్పు కోసి, రెండుగా మడిచి వేస్తే గట్టిగా ఉంటుంది. 60కి 90 బొంతకు చుట్టుకొలత 300 అంగుళాలు, మూలలకూ అతుకుకూ కలిపి 312 దాకా తీసుకోండి. అలలకు కారణం మీరు పట్టీని అంచు వెంట పరుచుకుంటూ కుట్టడం. సాగిన అంచు ఎంత అడిగితే అంత పట్టీ ఇచ్చారు. ఆ పట్టీని విప్పి, బొంత నడిమి పొడవును కొలిచి, పట్టీ మీద ఆ కొలతకే గుర్తులు పెట్టి, గుర్తులను నాలుగు భాగాలు చేసి అంచుకు గుచ్చండి. మిగిలిన అంచును వేళ్లతో కొద్దికొద్దిగా సర్దుతూ, బొంతను పట్టీకి కింద ఉంచి కుట్టండి. మూల దగ్గర పావు అంగుళం ముందే ఆపి, పట్టీని పైకి మడిచి, తిరిగి కిందికి దించి రెండో అంచు మొదలుపెట్టండి.

ప్రశ్న: లోపల ఏకిన దూది నింపిన బొంతను కూడా తడిపి లాగవచ్చా?
(ఒక పాఠకుడు, పరకాల)

జవాబు: తడపవద్దు. కుట్లు దూరంగా ఉంటే దూది తడికి ముద్ద కట్టి ఒక మూలకు చేరుతుంది. అంచు వెంట జానెడు మేర మాత్రమే నీళ్లు చిలకరించి, పైన పలుచని గుడ్డ వేసి ఇస్త్రీ చేసి, వేడి తగ్గేలోపు లాగి గుచ్చండి. అప్పటికీ మూలలు కలవకపోతే, ఒక అంచు కుట్టు విప్పి, దూదిని చేత్తో సర్ది మళ్లీ కుట్టవలసిందే.