రుమేనియా సంబంధం: పాస్‌పోర్టు కన్నా ముందు ఆస్తి లెక్క

తమ్ముడూ, రుమేనియా అమ్మాయిని పెళ్లాడితే పాస్‌పోర్టు ఎప్పుడొస్తుందని అడిగావు. కొత్తగా వచ్చినవాళ్లంతా అడిగేది అదే. పెళ్లితో పౌరసత్వం రాదు, విడాకులతో పోదు. 1991 నాటి 21వ నంబరు చట్టం ప్రకారం మామూలు విదేశీయుడికి 8 ఏళ్ల నివాసం కావాలి. ఇక్కడి పౌరురాలిని చేసుకుని ఆమెతో కలిసి ఉంటే పెళ్లినాటి నుంచి 5 ఏళ్లు చాలు. ఏ ఏడాదైనా 6 నెలలకు మించి దేశం బయట గడిపితే ఆ ఏడాది లెక్కకు రాదు. వర్క్ ఫ్రం హోమ్ అంటూ విజయవాడలో మకాం పెట్టేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. భాష, రాజ్యాంగం వగైరా షరతులు పౌరసత్వ సంస్థ వెబ్‌సైటులో ఉన్నాయి, చూసుకో.

ఎవరూ అడగనిది డబ్బు సంగతి. ప్రిమరియాలో, అంటే ఇక్కడి మునిసిపల్ ఆఫీసులో, పెళ్లి డిక్లరేషన్ రాసేటప్పుడు ఏ ఆస్తి పద్ధతి కావాలో తేల్చాలి. ఏమీ ఎంచుకోకపోతే ఉమ్మడి ఆస్తి పద్ధతి దానంతటదే వర్తిస్తుంది. అప్పుడు పెళ్లి తర్వాత నువ్వు తెచ్చే జీతం, దాంతో కొన్న ఫ్లాటు, కారు ఇద్దరివీ. హైదరాబాదులో నీ ఒక్కడి పేరున రిజిస్ట్రేషన్ చేయించుకున్నా ఇక్కడి చట్టం లెక్కలోంచి అది జారిపోదు. పెళ్లికి ముందున్నవి, నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చినవి మాత్రం నీవే.

వేరు ఆస్తి కావాలంటే పెళ్లికి ముందే నోటరీ దగ్గర ఒప్పందం రాయించుకోవాలి. నీకు రుమేనియన్ రాకపోతే అధికారిక దుబాసీ తప్పనిసరి. ఆ ఒప్పందాన్ని నోటరీల జాతీయ రిజిస్టరులో నమోదు చేయించడం మరవకు. నమోదు లేకపోతే విషయం తెలియని బ్యాంకులాంటి మూడో పక్షం దృష్టిలో మీది ఉమ్మడి ఆస్తే. పెళ్లయ్యాక పద్ధతి మార్చాలంటే కనీసం ఏడాది ఆగాలి. అమ్మాయితో ఈ మాట ఎత్తడానికి సిగ్గుపడకు. ఇక్కడివాళ్లకిది కొత్త కాదు, మనకే మొహమాటం.

కాగితాల్లో మనవాళ్లను ఏడిపించేది ఇంటిపేరు. జనన ధ్రువపత్రంలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు ఉంటే ఒకే మనిషని ఒప్పించడం కష్టం. ఇండియాలోనే సరిచేయించి, అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేందుకు వేసే అధికారిక ముద్ర) వేయించి, ఆ తర్వాతే రుమేనియన్‌లోకి అనువాదం చేయించు. ముందే చేయిస్తే అపోస్టిల్ అనువాదానికి మళ్లీ డబ్బు కట్టాలి. నీకు పెళ్లి కాలేదని చెప్పే పత్రం బుకారెస్ట్‌లోని మన రాయబార కార్యాలయం నుంచి తెచ్చుకోవాలి. పెళ్లి డిక్లరేషన్ 10 రోజులు నోటీసు బోర్డులో ఉంటుంది. 30 రోజుల్లో పెళ్లి జరగకపోతే మళ్లీ కొత్త డిక్లరేషన్.

విడాకుల ఊసు పెళ్లికి ముందే ఎందుకంటావా? ఖర్చు తెలియాలి కనుక. ఇద్దరూ ఒప్పుకుని, మైనరు పిల్లలు లేకపోతే ప్రిమరియాలోనే అయిపోతుంది. 30 రోజుల తర్వాత మళ్లీ వెళ్లి అదే మాట చెప్పాలి. పిల్లలుంటే వాళ్ల విషయమంతా కుదుర్చుకుని నోటరీ దగ్గరికి. కుదరకపోతే కోర్టే. విడాకులు వచ్చినంత మాత్రాన ఆస్తి పంచినట్టు కాదు. దానికి వేరే పత్రం, వేరే ఫీజు.

కోర్టుకెళ్తే ఏకపక్షంగా తీర్పు తెచ్చుకోవద్దు. తిరుపతిలో పెళ్లి, అమెరికాలో విడాకులైన వై. నరసింహారావు కేసులో అలాంటి తీర్పును 1991లో మన సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గుళ్లో తాళి కట్టినా అమ్మాయి హిందువు కాకపోతే హిందూ వివాహ చట్టం మీకు వర్తించదు. ఇండియాలో చేసుకుంటే ప్రత్యేక వివాహ చట్టం కింద, 30 రోజుల నోటీసుతో, రిజిస్టరు చేయించు.

చివరికి రుమేనియా పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. భారత పాస్‌పోర్టు సరెండర్ చేసి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) తీసుకోవాలి. ఓసీఐతో ఇల్లు కొనొచ్చు, పొలం కొనలేవు. వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు గానీ, అమ్మాలంటే ఇండియాలో ఉండే భారత పౌరుడికే అమ్మాలి. ఊళ్లో ఎకరం కొనే ఆలోచన ఉంటే ఒకటి గుర్తుంచుకో: విదేశంలో స్థిరపడిన భారత పౌరుడు కూడా మామూలుగా పొలం కొనలేడు.