పిడికిట్లో గవ్వలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను కనుక అంచుల్లో గీతలు కనిపిస్తే బెంగపెట్టుకోకు. "జ్ఞానానికి నిర్వచనం సాధ్యమా?" అని శీర్షిక పెట్టి మొదటి పేరాలోనే, హేతువున్న నిజమైన నమ్మకమే జ్ఞానమని నిర్వచనం చెప్పేశావు. మరి మిగతా పన్నెండు పుటలు ఎందుకమ్మా?

ముందు ఒక చురక. "నాకేమీ తెలియదన్న సంగతి ఒక్కటే నాకు తెలుసు" అన్న మాటను సోక్రటీసుకు అంటగట్టావు. ఆయన మాటలను మనకు అందించిన శిష్యుడు ప్లేటో రచనల్లో ఆ వాక్యం ఆ రూపంలో లేదు. న్యాయస్థానంలో సోక్రటీసు అన్నట్టుగా ప్లేటో రాసింది వేరు: తెలియనిదాన్ని తెలుసని తాను అనుకోవడం లేదని, అంతే. మొదటిది చమత్కారం, రెండోది జాగ్రత్త. జ్ఞానం గురించి రాస్తూ, ఎక్కడో విన్నదాన్ని చదివినట్టు రాయడం చూసి నవ్వొచ్చింది. నీ వయసులో నేనూ అదే వాక్యం అలాగే వాడాను. అందుకే ఇట్టే పట్టుకున్నాను.

ప్లేటో 'థియటీటస్' సంభాషణ గురించి రాసింది బాగుంది. నిజమైన అభిప్రాయానికి హేతువు తోడైతే జ్ఞానమా అని అడిగి, అదీ నిలవక, తేలకుండానే ముగుస్తుందది. అక్కడి నుంచి ఒక్క దూకులో 1963కు, ఆ నిర్వచనం చాలదని చూపిన అమెరికన్ తాత్త్వికుడు ఎడ్మండ్ గెటియర్ మూడు పుటల వ్యాసానికి వెళ్లిపోయావు. మధ్యలో శ్రీహర్షుడు ఏమయ్యాడు? శ్రీనాథుడి పుణ్యమా అని ఆయన మనకు నైషధకర్తగానే తెలుసు. 12వ శతాబ్దంలో ఆయనే 'ఖండనఖండఖాద్యం' రాసి నైయాయికుల (న్యాయదర్శనం చెప్పే తార్కికుల) నిర్వచనాలను మిఠాయిల్లా నమిలేశాడు. అందులో ఒకడు పిడికిట్లో ఐదు గవ్వలు దాచి ఎన్ని అని అడుగుతాడు. ఎదుటివాడు ఊరికే ఐదు అంటాడు. కాకతాళీయంగా అది నిజమే. వాడికి తెలుసనగలమా? ఉన్నదాన్ని ఉన్నట్టు గ్రహించడమే ప్రమ, అంటే సరైన జ్ఞానం, అన్న నిర్వచనం ఆ గవ్వల దగ్గర బోల్తా పడింది.

"ఊహకు హేతువు లేదు కదా, హేతువు చేరిస్తే సరి" అంటావు. సరే, పోయిన నెల మా వీధిలో జరిగింది విను. ఎదురింటి గేటు ముందు మాస్టారి ఆకుపచ్చ స్కూటరు కనిపించింది. ఎవరో వచ్చి అడిగితే "ఇంట్లోనే ఉన్నారు, వెళ్లండి" అన్నాను. నిజంగానే ఉన్నారు. సాయంత్రం తెలిసింది, ఆ స్కూటరు వాళ్ల తమ్ముడిదట. అదే రంగు, అదే కంపెనీ. మాస్టారి బండి రెండు రోజులుగా మెకానిక్ దగ్గర పడి ఉంది. నమ్మాను, నమ్మింది నిజమే, నమ్మడానికి హేతువూ ఉంది. అయితే నాకు తెలిసినట్టేనా? గెటియర్ చూపించింది ఈ కంతనే. నీ వ్యాసం ఇలాంటిదానితో మొదలుపెట్టు. పాఠకుడు ముందు అవునని తలూపాలి, తరవాత ఆ ఊపు మధ్యలో ఆగిపోవాలి.

ఇంగ్లీషు పుస్తకాలు ఎదురుగా పెట్టుకుని రాసినట్టున్నావు. "నేను జ్ఞానాన్ని కలిగి ఉన్నాను" అన్న వాక్యం నాలుగు చోట్ల ఉంది. ఏ తెలుగువాడు అలా అంటాడు? "నేను నమ్ముతున్నాను" అంటాం, కానీ "నాకు తెలుసు" అంటాం. నమ్మడం నేను చేసే పని. తెలియడం, నాకు ఆకలి వేసినట్టు, జ్వరం వచ్చినట్టు, నాకు జరిగేది. దీనిమీద సిద్ధాంతం కట్టెయ్యకు, "నాకు అనుమానం" అన్నదీ అదే విభక్తి! అయినా ఒక పేరాకు సరిపడే సరుకుంది.

సంశయవాదిని వెక్కిరించిన పుట మొత్తం కొట్టేశాను. "ఏదీ తెలియదంటే, ఆ మాట మాత్రం ఎలా తెలుసు?" అని గెలిచినట్టు రాశావు. ఇలాంటి ఆక్షేపణను బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు 'విగ్రహవ్యావర్తని'లో తానే ఎత్తుకున్నాడు. నాకంటూ ప్రతిజ్ఞ, అంటే నిలబెట్టాల్సిన వాదం, ఏదైనా ఉంటే కదా ఆ దోషం అంటేది, నాకు ప్రతిజ్ఞే లేదు అన్నాడు. అక్కడితో ఆగకుండా ఎదురు ప్రశ్న వేశాడు: ప్రమాణాలతో, అంటే తెలుసుకునే సాధనాలతో, వస్తువులు సిద్ధిస్తాయంటున్నారు సరే, ఆ ప్రమాణాలు దేనితో సిద్ధిస్తాయి? ఇంకో ప్రమాణంతో అంటే దానికి ఇంకొకటి కావాలి.

కొట్టేసిన పుట స్థానంలో ఈ ప్రశ్న పెట్టి, దానికి నువ్వేమంటావో రాయి. నీ దగ్గర జవాబు లేని చోట పెద్దల పేర్లు అడ్డం పెట్టకు. ఐదారు పుటలు మించకుండా తిరగరాసి పంపు, వచ్చే వారం ఊళ్లోనే ఉంటాను.

శుభాకాంక్షలతో,
మీ పెద్దాయన