సంతకం పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి ప్రభువు నామంలో వందనాలు.

గాజువాక సంఘంలో నిన్ను కోశాధికారిగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషించాను, దిగులూ పడ్డాను. మా సంఘంలో తొమ్మిదేళ్లు ఆ పని చేసినవాణ్ణి నేను.

నాలుగో ఏడు సంఘం స్థలం అమ్మకం మాట వచ్చింది. కొనాలనుకున్నవాళ్లు ఒక సాయంత్రం ఇంటికొచ్చి, కాగితాలూ వాటి మీద ఒక కొత్త పెన్నూ పెట్టారు. నేను సంతకం పెడితే మధురవాడలో రెండు వందల గజాలు సగం ధరకే ఇస్తారట. ఆలోచించి చెబుతానన్నాను. మూడు రాత్రులు ఆ కాగితాలు మా బీరువాలోనే ఉన్నాయి. చివరికి మీ అత్తయ్య, "ఈ పెన్ను ఎవరిచ్చారో ఆదివారం సంఘం ముందు చెప్పగలరా?" అని అడిగింది. తెల్లవారగానే పెన్నుతో సహా తిరిగిచ్చేశాను. కానీ ఆ మూడు రాత్రులు ఇప్పటికీ నన్ను బాధిస్తాయి.

యేసు ప్రభువు అంత వ్యవధి తీసుకోలేదు. అపవాది అయిన సాతాను, తనకు మొక్కితే ఇస్తానని లోక రాజ్యాలన్నీ చూపించినా బేరంలోకి దిగకుండా, ద్వితీయోపదేశకాండంలోని ఒక్క వాక్యంతో జవాబిచ్చాడు. ఆ వాక్యం ముందే ఆయన గుండెలో ఉంది. నువ్వు లూకా 12:15 కంఠస్థం చెయ్యి: "ఒకని కలిమి విస్తరించుట వాని జీవమునకు మూలము కాదు."

అపవాది కొంతకాలమే విడిచిపోయాడని కూడా లూకా రాశాడు. ఐదు వేల మందికి రొట్టెలు పెట్టిన రోజున మళ్లీ రాజ్యం ఎదురైంది, ఈసారి అభిమానించే జనం వల్ల. బలవంతంగా రాజును చేయబోతే ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయాడు. "నువ్వు లేకపోతే సంఘం నడవదు తమ్ముడూ" అని నీతోనూ అంటారు. డబ్బు కంటే ఆ మాటకే ఎక్కువ భయపడు. నేను తొమ్మిదేళ్లు కదలకుండా ఉండిపోయింది ఆ మాట వినే.

కానుకలు ఒక్కడివే లెక్కపెట్టకు. ఆరాధన అవగానే ఇద్దరి ఎదుట లెక్కించి, ముగ్గురూ సంతకాలు చేసి, మొత్తం బోర్డు మీద రాయండి. పెట్టెకు రెండు తాళాలు వేసి, రెండోది ఇంకొకరికి ఇవ్వు. మూడేళ్లకు దిగిపోతానని పాస్టరుగారికి ఇప్పుడే రాసివ్వు. 1805లో మన విశాఖకు వచ్చిన మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ సువార్తలను తెలుగులోకి తేవడానికి శ్రమపడ్డారు. 1812లో అవి అచ్చయి వచ్చేసరికి ఇద్దరూ కన్నుమూశారు. పని మాత్రం ఆగలేదు.

మొదటి ఆదివారం లెక్క చీటీ ఫోటో నాకు పంపు. మీ అత్తయ్య రోజూ నీకోసం ప్రార్థిస్తోంది.

మీ మావయ్య