వియ్యాలవారి తాతను ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మా బిడ్డ అమెరికాలో, నార్త్ కరోలినాలోని రాలీలో ఉంటుంది. అల్లుడు అక్కడివాడే. మనవడి మొదటి పుట్టినరోజుకు రెండు వైపుల వంశవృక్షం రాయించి ఫ్రేమ్ కట్టించాలని నా కోరిక. మా వైపు ఐదు తరాలు దొరికాయి. వాళ్ల మూలపురుషుడు జాన్ 1774లో స్కాట్లాండ్ నుంచి ఓడలో వచ్చాడని ఇంట్లోని పాత బైబిల్‌లో రాసి ఉందని వియ్యపురాలు చెప్పింది. ఇంటిపేరు 'మెక్'తో మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో వెతికితే అదే పేరుతో డజను మంది వస్తున్నారు. ఎవరిని రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. వచ్చే నెల అక్కడికి వెళ్తున్నాను. దారి చెప్పండి.
– ఒక అమ్మమ్మ, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ డజను మందినీ పక్కన పెట్టండి. వాళ్లలో ఒక్కరి పేరు కూడా ఇప్పుడే ఫ్రేములోకి ఎక్కించకండి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న మాట.

మాది వరంగల్ కొత్తవాడ, మగ్గాల ఇల్లు. మా తాత తమ్ముడు బతుకుదెరువుకు భీవండి పోయి మళ్లీ రాలేదు. ఆయన పిల్లల్ని వెతుక్కుంటూ నేను భీవండి వెళ్తే అదే పేరు, అదే ఇంటిపేరు, వరంగల్ నుంచే వచ్చిన మనిషి కొడుకు దొరికాడు. రెండు రోజులు వాళ్లింట్లో అన్నం తిన్నాను. ఫోన్‌లో ఆయన గొంతు విని మా నాన్న ఏడ్చాడు. ఇంటికొచ్చి పెట్టె అడుగున ఉన్న పాత దస్తావేజు తీసి చూస్తే, మా ముత్తాత పేరు ఒకటి, ఆ మనిషి తండ్రి పేరు ఇంకొకటి. ఆ సంగతి మా నాన్నకు చెప్పలేక మూడు రోజులు తిరిగాను. పేరు కలిస్తే చాలదమ్మా. తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, ఈ మూడూ కలవాలి. స్కాట్లాండ్‌లోనూ అంతే. 'మెక్' అంటే 'కొడుకు' అని. ఒక పెద్ద వంశం నీడన బతికినవాళ్లు కూడా ఆ వంశం పేరే పెట్టుకున్నారు కాబట్టి ఆ పేరున్న వాళ్లంతా ఒకే రక్తం కాదు.

అందుకే స్కాట్లాండ్ నుంచి మొదలుపెట్టొద్దు. మీ మనవడి నుంచి వెనక్కి, ఒక్కొక్క మెట్టు దిగుతూ పొండి. అమెరికాలో పదేళ్లకోసారి జనాభా లెక్కలు 1790లో మొదలయ్యాయి. 1850 నుంచి ఇంట్లో అందరి పేర్లూ ఉంటాయి, అంతకుముందు ఇంటి యజమాని పేరు ఒక్కటే. ఇక అక్కడి నుంచి వీలునామాలు, భూమి దస్తావేజులే దిక్కు. మీ అదృష్టం, నార్త్ కరోలినా స్టేట్ ఆర్కైవ్స్ రాలీలోనే ఉంది. అల్లుణ్ని వెంటబెట్టుకుని స్వయంగా వెళ్లండి.

దస్తావేజులో జాన్ పేరు కనబడగానే సంతోషపడి మూసేయకండి. మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో తూర్పున ఫలానా, పడమర ఫలానా అని హద్దులు రాస్తారు కదా, అక్కడి కాగితాల్లోనూ చాలావాటిలో పక్క భూమివాళ్ల పేర్లు ఉంటాయి, కింద సాక్షుల పేర్లు ఉంటాయి. వాటన్నిటినీ రాసుకోండి. వలస పోయేవాడు ఒంటరిగా పోడు. కొత్తవాడ వాళ్లు భీవండిలో ఒకే గల్లీలో ఉన్నట్టు, హైలాండ్స్ (స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కొండసీమ) వాళ్లు నార్త్ కరోలినాలోని కేప్ ఫియర్ నది పొడవునా గుంపుగా దిగారు. 1739లోనే స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఆర్గైల్ నుంచి ఒక పెద్ద గుంపు అక్కడికి చేరింది. జాన్ సొంతూరు ఎక్కడా దొరక్కపోయినా పక్క పొలంవాడి ఊరు దొరికితే అదే మీకు దారి చూపవచ్చు.

ఓడల జాబితాల మీద మామూలుగా అయితే ఆశ పెట్టుకోవద్దని చెప్పేవాణ్ని. ప్రయాణికుల జాబితా ఇవ్వాలని అమెరికా పట్టుబట్టింది 1820 నుంచే. 1707లో స్కాట్లాండ్, ఇంగ్లండ్ ఒకే రాజ్యం అయ్యాయి కాబట్టి అప్పట్లో బ్రిటిష్ వలస రాజ్యంగా ఉన్న అక్కడ స్కాట్లాండ్ వాళ్లకు పౌరసత్వం కాగితాల అవసరమూ లేదు. కానీ మీ బైబిల్‌లో ఉన్న సంవత్సరం 1774! జనం ఇంతగా ఎందుకు వెళ్లిపోతున్నారని బ్రిటిష్ ఖజానా శాఖకు దిగులు పట్టుకుని, 1773 చివర్లో రేవుల్లోని కస్టమ్స్ అధికారులను జాబితాలు రాయమంది. పేరు, వయసు, వృత్తి, ఊరు, ఎందుకు పోతున్నారు, అన్నీ అడిగి రాశారు. కౌలు పెంచారని కొందరు, పని లేదని కొందరు చెప్పుకున్నారు. వాళ్లలో నేత పనివాళ్లున్నారని చదివినప్పుడు మా తాత తమ్ముడే గుర్తొచ్చాడు నాకు. ఆ జాబితాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, పుస్తకంగానూ అచ్చయ్యాయి. అందరి పేర్లూ లేవు గాని ముందు చూడాల్సింది అదే.

ఇంకొకటి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1776 ఫిబ్రవరి 27న నార్త్ కరోలినాలోని మూర్స్ క్రీక్ వంతెన దగ్గర హైలాండ్స్ వాళ్లు చాలామంది బ్రిటిష్ రాజు పక్షాన పోరాడి ఓడిపోయారు. ఆ పక్షంవాళ్లలో ఎందరి భూములో జప్తయ్యాయి. జాన్ అందులో ఉంటే పాపం ఆయనకు కష్టమే గాని, మీకు మాత్రం జప్తు కాగితాలు, లండన్‌కు పెట్టుకున్న నష్టపరిహారం అర్జీలు దొరకొచ్చు.

ఇవన్నీ అయ్యాకే స్కాట్లాండ్. 1855కు ముందు అక్కడ ప్రభుత్వ జనన నమోదు లేదు, చర్చి రిజిస్టర్లే. స్కాట్లాండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. హైలాండ్స్‌లో చాలా ఊళ్ల రిజిస్టర్లు ఆలస్యంగా మొదలయ్యాయి కాబట్టి అక్కడ ఏమీ దొరక్కపోతే ఖాళీ గడినే ఉంచండి, ఊహతో నింపకండి. ఆ రిజిస్టర్లలో నాకు బాగా నచ్చేది, పెళ్లయినా ఆడమనిషి పుట్టింటి పేరే రాయడం. పైగా వాళ్లకూ మనలాగే పెద్ద కొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు పెట్టే ఆనవాయితీ ఉండేది. అందరూ పాటించలేదు, కాబట్టి దాన్ని రుజువుగా తీసుకోవద్దు. జాన్ పిల్లల పేర్లు వరసగా రాసి చూడండి, ఆయన తండ్రి పేరు ఏమై ఉంటుందో ఒక అందాజు వస్తుంది.

అక్కడికి వెళ్లగానే వియ్యపురాలిని అడిగి ఆ బైబిల్ మొదటి పేజీ, చివరి పేజీ, మధ్యలో చేత్తో రాసినవన్నీ వెలుతురులో ఫోటో తీయించండి. జాన్ భార్య పుట్టింటి పేరు కనబడితే నాకు రాయండి. అక్కడి నుంచి కలిసి వెతుకుదాం.