జనం ముందు తడబడే సర్వీసు: ఆట మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. ఆరేళ్లుగా టెన్నిస్ ఆడుతోంది. ప్రాక్టీసులో తనకన్నా పెద్దవాళ్లను కూడా ఓడిస్తుంది గానీ, పోటీలో చుట్టూ పదిమంది కూర్చుంటే వరుసగా డబుల్ ఫాల్ట్‌లు (రెండు సర్వీసులూ తప్పి పాయింటు పోగొట్టుకోవడం) చేస్తుంది. నాలుగు నెలల క్రితం కోచ్ ఆమె సర్వీసు పద్ధతి మార్పించారు. విచిత్రమేమిటంటే, పరుగులో మాత్రం పక్కన ఎవరైనా ఉంటేనే వేగం పెరుగుతుంది. ప్రతి మ్యాచ్‌కూ నేను వెళ్లి, చేసిన తప్పులన్నీ రాసుకొని వస్తాను. ఆట మాన్పించి చదువు మీదే దృష్టి పెట్టించడం మంచిదా?

జవాబు: మీరు విచిత్రమని రాసిన ఆ ఒక్క వాక్యంలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. జనాన్ని చూస్తే బెదిరిపోవడం మీ అమ్మాయి స్వభావమే అయితే, పరుగులోనూ ఆమె వెనకబడాలి. అలా జరగడం లేదు కాబట్టి దీన్ని పిరికితనంగానూ, ఆట ఆమెకు సరిపడదనడానికి రుజువుగానూ తీసుకోవద్దని ముందుగా చెబుతున్నాను.

ఈ విషయం మీద పరిశోధన చాలా పాతది. 1898లో అమెరికాలో మనస్తత్వవేత్త నార్మన్ ట్రిప్లెట్ సైకిల్ పందేల రికార్డులు పరిశీలించి, ఒంటరిగా గడియారంతో పోటీపడినవారి కన్నా తోడుగా మరొకరు ఉండగా తొక్కినవారు వేగంగా వెళ్లారని గమనించాడు. అయితే తర్వాత జరిగిన పరీక్షల్లో కొన్నింట తోడు వల్ల పని మెరుగుపడితే, మరికొన్నింట చెడింది. ఈ వైరుధ్యానికి 1965లో మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ ఒక వివరణ ఇచ్చాడు. ఇతరుల సమక్షంలో శరీరం ఉత్తేజితమవుతుంది. ఆ ఉత్తేజంలో మనకు ఎక్కువగా అలవాటైన చర్యే ముందుగా బయటికొస్తుంది. ఆ అలవాటు సరైనదైతే ఆట మెరుగవుతుంది, కాకపోతే దెబ్బతింటుంది. 1969లో ఆయన బృందం బొద్దింకల మీద కూడా దీన్ని పరీక్షించింది. తోటి బొద్దింకలు చూస్తుండగా అవి తిన్నని దారిలో త్వరగా పరిగెత్తాయి, మలుపు తిరగవలసిన దారిలో ఆలస్యం చేశాయి. బొద్దింకకు నలుగురిలో పరువు పోతుందన్న బెంగ ఉండదు కదా! 1982లో పూల్ (బిలియర్డ్స్ వంటి బల్ల ఆట) ఆటగాళ్లను మొదట వారికి తెలియకుండా, తర్వాత బల్ల దగ్గరే నిలబడి గమనించినప్పుడు, బాగా ఆడేవారి గురి 71 శాతం నుంచి 80కి పెరిగింది. అంతగా రానివారి గురి 36 నుంచి 25కి పడిపోయింది.

ఇప్పుడు మీ అమ్మాయి సర్వీసు చూద్దాం. పరిగెత్తడం ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చు, అందుకే తోడు దొరికితే వేగం పెరుగుతుంది. సర్వీసు అలాంటిది కాదు. ఒక చేత్తో బంతిని పైకి వేస్తూ, మోకాళ్లు వంచి లేస్తూ, రాకెట్‌ను వెనక నుంచి తెచ్చి బంతి సరైన ఎత్తులో ఉన్న క్షణంలో కొట్టాలి. ఇందులో ఆరేళ్ల పాత పద్ధతి ఒంట్లో ఇంకిపోయి ఉంది. కొత్త పద్ధతి వయసు నాలుగు నెలలు. జనం చూస్తున్నప్పుడు బంతిని వేసే చెయ్యి పాత చోటికే వేస్తూ, కొట్టే చెయ్యి కొత్త విధంగా తిరిగితే ఆ రెండూ కలవవు. నేను ఆమె ఆట చూడలేదు గనుక ఇది నా అంచనా మాత్రమే. పోటీలో ఆమె బంతి ఎక్కడికి వేస్తోందో ప్రత్యేకంగా గమనించమని కోచ్‌ను అడగండి. అంచనా నిజమైతే, మీరు లోపమనుకుంటున్నది నేర్చుకోవడంలో సగం దారి మాత్రమే.

మీ నోటుపుస్తకం గురించి కూడా చెప్పక తప్పదు. చూసేవారి కళ్లకు గంతలు కట్టినప్పుడు వారి సమక్షం ప్రభావం కనిపించలేదని 1968లో మనస్తత్వవేత్త కాట్రెల్ బృందం చూపింది. అంటే మనిషి పక్కన ఉండడం కన్నా, ఆ మనిషి మనల్ని బేరీజు వేస్తున్నాడన్న భావనే ఎక్కువగా పనిచేస్తుందన్నమాట. గ్యాలరీలో తప్పులు రాసుకుంటూ కూర్చున్న తండ్రి, కూతురికి పదిమంది ప్రేక్షకులతో సమానం. కొంతకాలం ఆ పుస్తకం ఇంట్లోనే ఉంచండి. మ్యాచ్‌కు మీరు రావాలో వద్దో అమ్మాయినే అడిగి, ఆమె ఏం చెప్పినా నొచ్చుకోకండి.

సాధన విషయంలో కోచ్‌తో ఇలా మాట్లాడి చూడండి. కొత్త సర్వీసు కుదిరేదాకా ఎవరూ చూడని వేళ నేర్పించాలి. కుదిరాక ఒక తోటి క్రీడాకారిణి ముందు, తర్వాత నలుగురి ముందు, ఆ తర్వాత పాయింట్లు లెక్కిస్తూ చేయించాలి. ప్రతి దశలోనూ 50 సర్వీసుల్లో ఎన్ని సరిగా పడ్డాయో ఆమే రాసుకోవాలి. ఒంటరిగా వచ్చిన అంకెకూ, నలుగురి ముందు వచ్చిన అంకెకూ మధ్య తేడా నెలనెలా తగ్గుతుంటే, మరే పరీక్షా అక్కర్లేదు. పద్ధతి బాగా కుదిరిన తర్వాత కూడా పోటీలో తడబడితే అది వేరే చిక్కు: చేతికి వదిలేయవలసిన పనిని మనసు అడుగడుగునా పర్యవేక్షించడం. దానికి మందు మరింత సాధన కాదు. దృష్టిని చేతి మీద నుంచి తప్పించి, బంతి పడవలసిన చోటు మీద నిలపడం. మ్యాచ్ ముందు రోజు నిద్ర పట్టకపోవడం, వాంతులు కావడం వంటివి ఉంటే క్రీడా మనస్తత్వ నిపుణులను కలవండి.

ఇక చదువా, ఆటా అన్న ప్రశ్న. 1983లో 241 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పనితీరుపై ఇతరుల సమక్షం ప్రభావం మొత్తం మీద స్వల్పమేనని తేలింది. అంత స్వల్పమైన దాన్ని ఆధారం చేసుకొని ఆరేళ్ల ఆటకు ముగింపు పలకడం నాకు సమ్మతం కాదు. అలాగని చదువును వదిలేయమనడమూ లేదు. 15 ఏళ్లకు ఏదో ఒకటే తేల్చుకోవలసిన అవసరం లేదు. సర్వీసు మారుతున్న ఈ ఏడాది ఫలితాలను లెక్కలోకి తీసుకోకుండా, వచ్చే ఏడాది పోటీలు చూసి ఆలోచించండి. అప్పుడు కూడా ఆమెకు ఆడాలన్న ఆశ ఉందా, ఆటలో ఎదుగుదల కనిపిస్తోందా, శరీరం గాయాలు లేకుండా తట్టుకుంటోందా అన్నవి చూడండి. మొదటి ప్రశ్నకు జవాబు ఆమె నోటి నుంచే రావాలి.