గోడ మీద పెన్సిల్ గీత

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు, ఎత్తు 124 సెం.మీ. బడి ప్రార్థన లైన్లో ఎప్పుడూ వాడే ముందు. నా ఎత్తు 150, మావారిది 162. ఎత్తు పెంచే పొడి కొనమంటున్నారు మా అత్తగారు. కొనమంటారా?
– ఓ తల్లి, తెనాలి

జవాబు: ఆ డబ్బులు గుడ్లకీ పప్పుకీ పెట్టండమ్మా. 124 అంటే కాస్త పొట్టే గానీ, ఆ వయసుకి మామూలు హద్దులోదే. మీ ఇద్దరి ఎత్తూ కలిపి సగం చేసి, అబ్బాయి కాబట్టి 6.5 కలపండి. 162.5 వస్తుంది. పెద్దయ్యాక దాదాపు వాళ్ల నాన్నంతే అవుతాడు.

నేను చూసేది ఏడాదిలో ఎంత పెరిగాడన్నది. ఈ వయసులో 5, 6 సెంటీమీటర్లు పెరగాలి. చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి, నెత్తిమీద అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి గీత గీయండి, పక్కనే తేదీ వేయండి. ఆర్నెల్లకోసారి చాలు. (సున్నం వేయించేముందు ఫొటో తీసుకోండి. మా అమ్మాయి ఆరేళ్ల గీతలు ఒక్క సంక్రాంతికి కొట్టుకుపోయాయి!) ఏడాదికి 4 దాటకపోతే మాత్రం పిల్లల డాక్టరుకి చూపించండి, థైరాయిడ్ పరీక్ష కూడా రాస్తారు.

అన్నట్టు, బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఎగ్గొట్టనివ్వకండి. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చే ఘనులు నాకు చాలామందే తెలుసు.